రాక్షసి బొగ్గు, కట్టె పొగ

తెలుగువాడు బొగ్గును రెండు విధాలుగా పిలిచాడు. కట్టె కాల్చి చేసినది బొగ్గు. భూగర్భం నుండి తవ్వి తీసినది రాక్షసి బొగ్గు. ఈ భేదాన్ని నిఘంటువు చూడకుండానే ఎరిగినవారు ఖరగ్‌పూర్ తెలుగువారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని కర్మాగారపు పట్టణంగా తీర్చిదిద్దిన నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు ఎన్నో ఇక్కడికి వలస వచ్చి స్థిరపడ్డాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో స్టేషనులోనూ రాక్షసి బొగ్గే, ఇంటి కుంపటిలోనూ రాక్షసి బొగ్గే. ఉతికి ఆరవేసిన పంచె సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది.

అటువంటి ఇళ్ళలో ఒకదానిలో 1952లో పుట్టి, తండ్రివలెనే వర్క్‌షాపులో చేరి, 2012లో పదవీ విరమణ చేసిన ఒక ఫిట్టరుగారి అన్వేషణ ఇది. ఆయన వెదికినది ధనమూ కాదు, దైవమూ కాదు. పొగచూరిన మాంసపు రుచి.

రుచికి మూలం ఆయన తల్లి. నిత్యపు అన్నమూ పప్పూ బొగ్గుల కుంపటి మీద ఉడికినా, మాంసాన్ని మాత్రం ఆమె ఆ సెగకు చూపేది కాదు. గంధకం కలిసిన ఆ పొగ కూరకు పట్టిందంటే ఇంజను షెడ్డులో కూర్చుని తిన్నట్లే ఉంటుందనేది. జీతాల రోజు తరువాతి ఆదివారం నలుగురైదుగురు ఇరుగుపొరుగువారు కలిసి ఒక మేకను కోయించి పాలు పంచుకునేవారు. వచ్చిన పాలులో సగం ఆ రోజుకు. తక్కిన సగాన్ని ఆమె సన్నని పొడవాటి చీలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దారాలకు గుచ్చి, పెరటిలోని కట్టెల పొయ్యి మీద దండెం కట్టి వేలాడదీసేది. పగలు ఎండ, రాత్రి పొగ. నాలుగైదు రోజులకు అది నల్లబడి, బిగిసి, విరిస్తే పుటుక్కుమనే స్థితికి వచ్చేది. నెలాఖరున చేతిలో పైసలు కరిగిపోయినప్పుడు రెండు చీలికలు నానబెట్టి వంకాయతో కలిపి వండితే ఇల్లంతా పండుగ.

తల్లి 1991లో కాలం చేసింది. పదవీ విరమణతో క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చింది. క్వార్టరుతోపాటు పెరడు పోయింది, పెరడుతోపాటు పొయ్యి పోయింది. రెండవ అంతస్తు ఫ్లాటులో గ్యాసు పొయ్యి ముందు నిలబడి, జీవితమంతా ఇనుమును ఎర్రగా కాల్చిన మనిషి నిప్పు లేని ఇంటికి వచ్చానే అని వాపోయాడు. భార్య తేలికగా తీసుకోలేదు. “అంత తినాలని ఉంటే ఎక్కడ దొరుకుతుందో చూసి రండి. రైలు పాసు ఉన్నది కదా!” అన్నది.

ఆయన పద్ధతి విచిత్రమైనది. ఏ హోటలుకు వెళ్ళినా భోజనపు బల్ల దగ్గర కూర్చునే ముందు వెనుకకు నడిచి, లోపల ఏమి మండుతున్నదో చూసేవాడు. చాలాచోట్ల గ్యాసే కనిపించేది, వెనుదిరిగేవాడు. వడ్డించే ముందు గిన్నెలో ఒక నిప్పుకణిక ఉంచి, దానిపై చుక్క నెయ్యి వేసి మూతపెట్టి, పొగ వాసన తెప్పించే ఉపాయాన్ని ఆయన లెక్కలోకే తీసుకోలేదు. అది పొగ కాదు, అత్తరు పూయడమనేవాడు. ఈ మాట కొంత కఠినమైనదే. ఆ ఉపాయంతో ఇంపైన వంటలు చేసేవారు లేకపోలేదు.

మొదట కలకత్తా. న్యూ మార్కెట్టు సమీపాన 1932లో ప్రారంభమైన నిజామ్స్‌లో కబాబును పరాటాలో చుట్టి ఇచ్చే కాఠీ రోల్ పుట్టింది. కాఠీ అంటే పుల్ల. వెదురు పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం కనుక ఆ పేరు. ఆయన రెండు తిన్నాడు, మెచ్చుకున్నాడు, కాని ఇది కాదన్నాడు. అందుకు శాస్త్రీయమైన కారణమే ఉన్నది. పచ్చి కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం వేడికి విచ్ఛిన్నమైనప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ అనే సువాసన ద్రవ్యాలు పుడతాయి. పొగచూరిన రుచి అని మనం అనేది ప్రధానంగా వాటినే. కట్టె బొగ్గుగా మారేటప్పుడే అవి చాలావరకు ఎగిరిపోతాయి. బొగ్గుల మీది కబాబుకు వచ్చే వాసన నిప్పులపై జారిపడిన కొవ్వుది, కట్టెది కాదు.

దగ్గరలోనే ఉన్నదాన్ని దూరాన వెదకడం మనుష్యులకు అలవాటు. ఖరగ్‌పూర్ పొలిమేరలు దాటితే సంతాల్ పల్లెలు. వర్క్‌షాపులో కలిసి పనిచేసిన ఒక సంతాల్ మిత్రుడు సొహ్రాయ్ పండుగకు ఆయనను ఇంటికి పిలిచాడు. అక్కడ పెట్టినది జీల్ పీఠా. జీల్ అంటే మాంసం. బియ్యపు పిండిలో చిన్న మాంసపు ముక్కలు, ఉల్లి, కారం కలిపి సాల ఆకుల నడుమ పరచి, నిప్పుల మీద నిదానంగా కాలుస్తారు. ఆకు మాడుతూ తన పొగను లోపలికి పంపుతుంది. ఏ హోటలులోనూ దొరకని ఆ వంట తింటున్నప్పుడు ఆయనకు మొదటిసారి గొంతులో ఏదో కదిలింది. అయినా అది తడిగా, మెత్తగా ఉన్నది. తల్లిది పొడిగా, బిరుసుగా ఉండేది.

తరువాత దక్షిణానికి. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడేవరకు వాల్తేరు డివిజన్ సౌత్ ఈస్టర్న్ రైల్వేలోనే ఉండేది కనుక, విశాఖ ప్రయాణం ఖరగ్‌పూర్ వారికి పుట్టింటికి వెళ్ళినట్లే. అక్కడినుండి కిరండూల్ మార్గంలో సొరంగాలు దాటుకుంటూ అరకు చేరాడు. బొంగులో చికెన్ కీర్తి ఇప్పుడు అందరికీ తెలిసినదే. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతిబిగించి మంటలో పెడతారు. నూనె వేయనక్కరలేదు, నీళ్ళు పోయనక్కరలేదు. వెదురులోని తేమ చాలు. కొండవాసుల ఈ వంట యాత్రికుల రాకతో రోడ్డు పక్కకు వచ్చింది. ఫిట్టరు కన్నుతో ఆయన బొంగును పరిశీలించి, “ఇది బాయిలరు! పొగ బయట, ఆవిరి లోపల” అని తేల్చాడు. ఆ తీర్పు సబబైనదే. బొంగులో మాంసం ఉడుకుతుంది. మంటలో కాలేది వెదురు.

నాలుగో మజిలీ ఆయన ఊహించనిది. టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు తల్లిదండ్రులను మూడు నెలలకు పిలిపించుకున్నాడు. తండ్రి గోడు ఎరిగినవాడు కనుక ఒక శనివారం సమీపంలోని లాక్‌హార్ట్‌కు తీసుకువెళ్ళాడు. బార్బెక్యూకు పేరుపొందిన చిన్న ఊరు అది. కరీబియన్ దీవుల ఆదివాసులు నిప్పుపై మాంసం ఉంచేందుకు కట్టిన కర్రల మంచె పేరే స్పానిష్ వారి నోట మారి ‘బార్బెక్యూ’ అయింది. 1900లో మొదలైన క్రాయిట్స్ మార్కెట్ అక్కడ ఉన్నది. ఓక్ కట్టెల పొయ్యిల ముందు ఆయన తన అలవాటు ప్రకారం ముందుగా నిలబడి, చాలాసేపు కదలలేదట. గొడ్డుమాంసం ముట్టని ఇల్లు కనుక పంది పక్కటెముకలతో సరిపెట్టుకున్నాడు.

అక్కడ ఆయన విన్న చరిత్ర రుచికన్నా విలువైనది. మధ్య టెక్సస్‌లో స్థిరపడిన జర్మన్, చెక్ కసాయివారు అమ్ముడుపోని మాంసం చెడిపోకుండా పొగపెట్టి ఉంచేవారు. పత్తి ఏరడానికి వచ్చిన కూలీలు దాన్ని కాగితంలో పెట్టించుకుని, కొట్టు దగ్గరే నిలబడి తినేవారు. బ్రిస్కెట్ అనే రొమ్ము మాంసం కఠినమైనది, చౌకైనది. పన్నెండు గంటలకు పైగా సన్నని సెగలో ఉంచితేగాని అందులోని కొల్లాజెన్ కరిగి మెత్తబడదు. నడుమ కొన్ని గంటలపాటు మాంసం వేడి ఎంతకూ పెరగదు. పైకి వచ్చిన తేమ ఆవిరవుతూ, చెమట మనలను చల్లబరచినట్లే దాన్ని చల్లబరుస్తుంది. బాయిలర్ల వద్ద బతికిన ఆయనకు ఇది విడమరచి చెప్పనక్కరలేకపోయింది. నేడు ధనికులు బారులు తీరి కొనే ఆ వంట పేదవాని పొదుపు నుండి పుట్టింది. తల్లి దండెం కూడా అటువంటిదే. ఆమె రుచి కోసం పొగపెట్టలేదు. ఇరవయ్యవ తేదీ కోసం పెట్టింది.

తిరిగివచ్చాక ఆయన హోటళ్ళ వేట మానుకున్నాడు. ఊరి చివర పెరడున్న మిత్రుని ఇంట పొయ్యి వేసి, దండెం కట్టి, చింతకట్టె తెచ్చి, ఉప్పూ పసుపూ పట్టించి ఐదురోజులు కాపలా కాశాడు. పొగపెట్టిన మాంసంతో సహా నిలవచేసిన మాంసాన్ని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఆ సంగతి కొడుకు ఫోనులో గుర్తుచేస్తే, “ఏడాదికి ఒకసారి తింటాన్రా” అని బదులిచ్చాడు. అందులో తప్పుపట్టవలసినది లేదు.

నీంపురాలో ఉంటున్న అక్కగారికి ఒక పొట్లం పంపకుండా తానే పట్టుకెళ్ళాడు. ఎనభయ్యో పడిలోని ఆమె ఒక ముక్క నోట వేసుకుని, కళ్ళు మూసుకుని, తీరికగా నమిలింది.

“ఏం కట్టెరా ఇది?”

“చింతకట్టె, అప్పా.”

“అమ్మ చింతకట్టె ఎప్పుడు కాల్చిందిరా! నాన్న వర్క్‌షాపు నుంచి వేలంలో కొని తెచ్చే చెక్కలు కదా. పాత బోగీలవి, టేకు. రంగు చెక్కి, చీల్చి పెట్టేవాడు. నీకు జ్ఞాపకం లేదా?”

ఆయనకు జ్ఞాపకం వచ్చింది. ఆనాటి బోగీల పెట్టెలు టేకు చెక్కతో చేసినవి. 1955లో పెరంబూరు కర్మాగారం ఉక్కు పెట్టెలు తయారుచేయడం మొదలుపెట్టాక, చెక్క పెట్టెలు ఒక్కొక్కటే విడగొట్టబడి వంటచెరకుగా పోయాయి. వాటిలో కొన్ని ఆ పెరటి పొయ్యిలో ఆరు నెలలో, ఆరేళ్ళో మండాయి. ఏ అడవిలోనూ, ఏ దేశపు హోటలులోనూ ఆ కట్టె ఇక దొరకదు.

అక్క రెండో ముక్క తీసుకున్నది. ఉప్పు ఒక పిసరు తగ్గించమన్నది. ఆయన మాత్రం గోల్‌బజారులో పాత కిటికీలూ ద్వారబంధాలూ అమ్మేవాడు ఇంకా ఉన్నాడా అని అడుగుతున్నాడు.