బస్తీ నౌలో గ్లవ్సు కర్మశాల

అవిభక్త పంజాబులో క్రీడాపరికరముల తయారీకి పేరుమోసిన ఊరు సియాల్‌కోటు. 1947లో దేశవిభజన జరిగి ఆ పట్టణము పాకిస్తాను పాలు కాగా, తోలు కోయుటయందును కుట్టుటయందును ఆరితేరిన అచ్చటి హిందువులును సిక్కులును అనేకులు సరిహద్దు దాటి వచ్చి, కొందరు మీరటులోను మరికొందరు జలంధరులోను నిలువనీడ వెదకుకొని, చేతిలోని విద్య తప్ప వేరు మూలధనము లేకయే పూర్వపు వృత్తిని మరల ఆరంభించిరి. జలంధరులో బస్తీ నౌ అను పేట నేడు ఆటసామానుల అంగళ్ళతో క్రిక్కిరిసి యున్నదన్నచో దానికి మూలము ఆ వలసయే. క్రికెట్టు బ్యాట్లును ఫుట్‌బాళ్లును వ్రేలాడు అంగళ్ళ వెనుక, ఇరుకు సందులలో, పైకి నివాసగృహములుగా కనబడు కట్టడములలో కర్మశాలలు గలవు. వానిలో బాక్సింగు గ్లవ్సును హెడ్‌గార్డులను కుట్టుదాని నొకదానిని చూచు అవకాశము నాకు విశాఖపట్టణపు మిత్రు నొకని మూలమున కలిగినది.

ఈ మిత్రుడు సముద్రతీరమున ఒక చిన్న క్లబ్బులో పిల్లలకు బాక్సింగు నేర్పును. పిల్లలందరు మాస్టారనియే పిలుతురు గనుక నేనును ఇచ్చట మాస్టారనియే వ్రాసెదను. విశాఖకు ఈ విద్య క్రొత్తది కాదు. ద్రోణాచార్య పురస్కారము నందిన ఐ. వెంకటేశ్వరరావు గారి శిక్షణకై నిజామాబాదు బాలిక నిఖత్ జరీను 2009లో అచ్చటి భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రమునకు వచ్చి చేరినది. ఆమెయే 2022లో ఇస్తాంబులులోను 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేత యైనది. ఆ గెలుపుల తరువాత తమ క్లబ్బునకు ఆడపిల్లల రాక హెచ్చినదనియు, సామాను చాలకపోవుట యొక యెత్తు కాగా ఉన్న సామాను పాడగుట మరియొక యెత్తైనదనియు మాస్టారు చెప్పిరి. పందెములు ఏడాదికి కొన్నియే జరుగును. జోడీగా నిలిచి, గెలుపునకు గాక నేర్చుటకై కొట్టుకొను స్పారింగు వారము వారమును జరుగును. పిల్లల తలకు తగులు దెబ్బలలో అధికభాగము తగులునది ఇచ్చటనే. కాబట్టి పందెపు సామానుకన్న స్పారింగు సామాను విషయమున ఎక్కువ జాగరూకత వలయునని ఆయన మతము.

కర్మశాల యజమాని అరువది దాటిన సర్దార్జీ. ఆయన తాత సియాల్‌కోటునుండి వచ్చినవాడట. క్రింది అంతస్తున తోలు కోయుదురు. చర్మమును బల్లపై పరచి, మచ్చలును ముడుతలును గల చోట్లను వదలి, ఇనుప అచ్చును దానిపై నుంచి యంత్రమును నొక్కగానే గ్లవ్సు వీపు, అరచేతి భాగము, బొటనవ్రేలి రెండు చెక్కలు, మణికట్టు పట్టీ వేర్వేరుగా తెగిపడుచుండెను. పశువు వెన్నుభాగపు చర్మము బిగువుగా నుండును, కడుపుభాగముది సాగును. పిడికిటిమీదికి వచ్చు తోలు ఎన్నడును కడుపుభాగమునుండి కోయరాదని సర్దార్జీ ఒక ముక్కను రెండు చేతుల లాగి చూపెను.

మీది అంతస్తున కుట్టుపని. గ్లవ్సును లోపలి ప్రక్క పైకి వచ్చునట్లుంచి కుట్టి, పిదప తిరగవేయుదురు. ఒక యువకుడు బల్లకు నిలువుగ బిగించిన మొండి ఇనుపకడ్డీపై బొటనవ్రేలి తిత్తిని తొడిగి, రెండు చేతులను క్రిందికి దిగలాగుచు, దాని కొన లోపలికి పోయి ఎర్రని తోలు మెల్లమెల్లగా పైకి వెలువడునట్లు చేయుచుండ, ఆ పనినే చాలసేపు చూచుచు నిలిచితిని. సందు సన్నము, తోలు మందము. లాగుట కొంచెము అధికమైనచో కుట్టు చిట్లును, తక్కువైనచో కొన పూర్తిగా తిరుగదు. వ్రేలు తిరిగిన తరువాత పొరలు పొరలుగా అతికించిన ఫోమును లోనికి దూర్చి, అస్తరు వేసి, అంచు కుట్టి, ప్రతి గ్లవ్సును త్రాసున తూచెదరు. త్రాసు దగ్గర కూర్చున్న ముసలియాయన తూకము చూచి ఊరకుండక ప్రతిదానిని అరచేతిలో ఎగురవేసి పట్టుకొనుచుండుట నాకు వింతగా తోచినది. కారణ మడుగగా సర్దార్జీ చెప్పిన సంగతి, గ్లవ్సు కొనువారు సర్వులు ఎరుగవలసినది: పదునారు ఔన్సులని ముద్ర యున్నంతమాత్రమున చాలదు, ఆ బరువు ఎచ్చట నున్నదో చూడవలెను. చౌకసరుకు తయారు చేయువారు మణికట్టునందు ఏదేని దట్టించి తూకము నింపుదురు. పిడికిటి దగ్గర పొర పలుచగనే యుండిపోవును. తూకము నిజమే, రక్షణ మాత్రము మిథ్య.

నాతో వచ్చిన మాస్టారు తమ సంచిలోనుండి క్లబ్బు పాత గ్లవ్సు నొకదానిని తీసి బల్లపై నుంచిరి. పైకి బాగుగనే యున్నది; తోలు ఒకటి రెండు చోట్ల మాత్రమే పగిలినది. "దీనికేమి వచ్చినది, మాస్టర్‌జీ?" అని సర్దార్జీ అడిగి, బొటనవ్రేలితో పిడికిటి భాగమును నొక్కి చూచి, సమాధానమునకు ఆగకయే పదునైన కత్తిని తెప్పించి వీపుమీద నిలువున కోసెను. లోపలినుండి వెలువడిన దుర్గంధమునకు కుట్టుపనివారు తలలెత్తి నవ్విరి. అస్తరు నల్లబారి యుండెను. ఫోము పై రెండు పొరలు బూజుపట్టిన రొట్టెవలె వ్రేళ్లకు పొడిపొడిగా రాలినవి. అడుగుపొర పిడికిటి కణుపుల గుర్తులతో అణగి, అట్లే గట్టిపడి పోయినది. చెమట తడిని లోనుంచుకొని సంచిలో మగ్గుట ఒక కారణము. అంతకన్న పెద్ద కారణము, ఇదే జతతో ఉదయము ఇసుకబస్తాను కొట్టి, సాయంకాలము తోటివాని ముఖమును కొట్టుట. బస్తాకు వేరు గ్లవ్సు, స్పారింగుకు వేరు గ్లవ్సు లేని క్లబ్బులో నెలల వ్యవధిలోనే ప్రతి జతయు ఇట్లు లోలోపల చచ్చిపోవునని ఆయన తీర్పు. మాస్టారు మారు పలుకలేదు.

కొను దుకాణముననే చేయదగిన పరీక్ష యిది: గ్లవ్సు పిడికిటిపై బొటనవ్రేలిని బలముగా నొక్కినప్పుడు లోపలి చేతి ఎముక వ్రేలికి తగులరాదు, వదలిన వెంటనే పొర మరల పొంగవలెను. వయోజనులు స్పారింగున వాడవలసినది సాధారణముగా పదునారు ఔన్సుల జత, అనగా ఒక్కొక్కటి సుమారు 454 గ్రాములు. తేలికశరీరులకు పదునాలుగు ఔన్సులు చాలునందురు. అమెచ్యూరు పందెములలో పది, పండ్రెండు ఔన్సులు వాడుదురు. పందెమున తేలికగా నున్నదని అదే జతతో అభ్యాసము చేయుట క్షమార్హము కాదు. గ్లవ్సు కొట్టువాని చేతిని కాపాడునని పిల్లలు తలతురు. చేతిని కాపాడునది ముఖ్యముగా గ్లవ్సు లోపల చేతికి చుట్టు పట్టీ. స్పారింగు గ్లవ్సు దళసరితనము దెబ్బ తినువాని సొత్తు. చరిత్రయు ఇందుకు సాక్ష్యమే: పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున లండనులో జాక్ బ్రౌటన్ అను మల్లుడు మెత్తని చేతొడుగులను ప్రవేశపెట్టినది పందెములకు గాదు, నేర్చుకొనవచ్చిన పెద్దయింటి శిష్యుల కన్నులకును దవడలకును ముక్కులకును హాని కలుగకుండుటకే. పందెములు వట్టి పిడికిళ్ళతోనే సాగినవి. గ్లవ్సును విధించిన క్వీన్స్‌బరీ నియమములు వెలువడినది 1867లో. గురుకులమునుండి రంగస్థలమునకు గ్లవ్సు పోవుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

బిగించు విధమును గూర్చి కర్మశాలలో చిన్న వాదము నడచినది. త్రాడు గ్లవ్సు మణికట్టును చక్కగ పట్టియుండును గాని, కట్టుటకు రెండవ మనిషి కావలెను. వెల్క్రో గ్లవ్సును పిల్లవాడు తానే వేసికొనును. కాని ఊడిన వెల్క్రో అంచు ఎదుటివాని కన్నుప్రక్క చర్మమును గీరగలదు. ఏది వాడినను పైన ఒక చుట్టు టేపు వేయవలెనని మాస్టారు తీర్మానించిరి. బొటనవ్రేలు గ్లవ్సునకు అతికి యుండవలెనను విషయమున మాత్రము ఇరువురకును ఏకాభిప్రాయమే. విడిగా నిలుచు బొటనవ్రేలు ఎదుటివాని కంటిలో గ్రుచ్చుకొనుటయు, తాను వెనుకకు మడతపడుటయు రెండును కలవు.

ఇక హెడ్‌గార్డు. గోడకు వరుసగా తగిలించిన వానిలో చెక్కిళ్ళను పూర్తిగ కప్పునవి, గడ్డమును మూయునవి, ముక్కుకు అడ్డముగా కడ్డీ గలవి కనబడినవి. కొనవచ్చిన వారిలో తల్లిదండ్రులైనవారు అన్నిటికన్న లావైనదానినే కోరుదురట. ఇచ్చట నా అభిప్రాయము కొంచెము కఠినము. హెడ్‌గార్డు కనుబొమ్మల కోతలను, చెవి వాపులను, తల తల కొట్టుకొనుటవలని గాయములను ఎంతయో తగ్గించును; కపాలములోపల మెదడు అదరిపడుటను ఆపజాలదు. దెబ్బకు తల గిరుక్కున తిరిగినప్పుడు లోపలి మెదడు వెనుకబడి, పిదప గోడకు తగులును. ఆ తిరుగుటను ఏ ఫోమును నిలువరింపలేదు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సునుండి హెడ్‌గార్డు తప్పనిసరి కాగా, 2013లో అంతర్జాతీయ బాక్సింగు సంఘము పెద్ద పురుషుల పందెములలో దానిని తొలగించెను. 2016 రియోలో పురుషులు అది లేకయే పోరాడిరి, స్త్రీలు మాత్రము ధరించిరి. ఆ నిర్ణయము మంచిచెడ్డలు వేరు సంగతి. అభ్యాసమున హెడ్‌గార్డు నుండవలసినదే. దానిని చూచుకొని గట్టిగా కొట్టుకొనుట మాత్రము కూడదు. లావు పెరిగినకొలది ప్రక్కచూపు తగ్గును, కనబడని దెబ్బయే ఎక్కువ హాని చేయును.

హెడ్‌గార్డు సరిపోయినదో లేదో చూచు విధమును సర్దార్జీ నా తలపైననే చూపెను. గడ్డము క్రింది పట్టీని రెండు వ్రేళ్ళు మాత్రము దూరునట్లు బిగించి, ముందు భాగమును రెండు చేతులతో పట్టి అటునిటు నిర్దాక్షిణ్యముగ కుదిపెను. తల తిరుగవలెనే గాని తొడుగు తలపై తిరుగరాదు. అది కనుబొమ్మలమీదికి జారినచో, ఎంత ఖరీదైనదైనను, దానివలన మేలుకన్న కీడే ఎక్కువ. ప్రక్కదెబ్బ తగిలిన క్షణమున ఒక కన్ను మూసివేయును.

మౌత్‌గార్డు కర్మశాలలో తయారగునది కాదు గాని మాస్టారు దానిని గూర్చి చెప్పక విడువలేదు. వేడినీట మెత్తపరచి పండ్లతో కొరికి అచ్చు పోసికొనునది చౌక. దంతవైద్యుడు కొలత తీసి చేయునది మేలు. ఎదుగు పిల్లలకు పండ్ల వరుస మారుచుండును గనుక ఏడాది క్రిందటిది నేడు పట్టదు. చల్లని నీట కడిగి, రంధ్రములు గల పెట్టెలో నుంచవలెను. వేడినీటితో కడిగినచో ఆకారము చెడును.

పట్టీల విషయమున ఆయనకు చాదస్తము కలదు. నాలుగున్నర మీటర్ల నూలుపట్టీని నా చేతికి తామే చుట్టిరి: మణికట్టున మూడు చుట్లు, పిడికిటి కణుపులపై మెత్తగ కొన్ని చుట్లు, వ్రేళ్ళ నడుమనుండి ఒక్కొక్క చుట్టు, మరల మణికట్టునకు. చేయి చాచినప్పుడు బిగువు తెలియరాదు. పిడికిలి పట్టినప్పుడే తెలియవలెను. చిటికెనవ్రేలి వెనుకనున్న సన్నని ఎముక మెడ దగ్గర విరుగుట ఈ విద్యలో సామాన్యమైన గాయమనియు, పట్టీ సరిగా చుట్టని చేతికే అది తరచుగ వచ్చుననియు చెప్పిరి. పట్టీలను వాడిన ప్రతిమారు ఉతికి నీడలో ఆరవేయవలెను; తడిసిన పట్టీని గ్లవ్సులో దూర్చి ఇంటికి పోవు పిల్లవానిని ఆయన మరునాడు రింగులో దింపరట.

విశాఖ గాలిలోని తేమను గూర్చి విన్న సర్దార్జీ, పంజాబు ఎండలో బ్రదుకు వస్తువు సముద్రతీరమున బ్రదుకుటకు వేరు శుశ్రూష కావలెననెను. గ్లవ్సు విప్పిన వెంటనే లోపల పొడిబట్టతో తుడిచి, నోరు బాగుగ తెరచి, పాత వార్తాపత్రికలను ఉండచేసి కూరవలెను; అవి తడిసిన తరువాత తీసివైచి ఫంకా గాలికి పెట్టవలెను. ఎండలో పెట్టినచో తోలు బీటలువారును. సంచిలో మూసినచో లోపల బూజు పట్టును. ఒకరి తామర పదిమందికి అంటునది ఆ దారినే. తోలుకు అప్పుడప్పుడు తోలునూనె కొంచెము రాయవలెను. క్లబ్బు వాడుకకు రెక్సిను గ్లవ్సు తుడుచుటకు సుళువని మాస్టారు వాదించిరి. తీరమున నది తోలుకన్న ముందే పొలుసులుగా ఊడునని సర్దార్జీ ఒప్పుకొనలేదు. చివరకు స్పారింగునకు తోలు, బస్తాకు రెక్సిను అని సంధి కుదిరినది.

మన జిల్లాలలో బాక్సింగు క్లబ్బులు నడపు పెద్దలకును, పిల్లలను పంపు తల్లిదండ్రులకును నా మనవి. స్పారింగు గ్లవ్సుకు గాలియాడు వేరు అరను ఏర్పరచి, దానికి తాళము వేయుడు. ఆ జతలు బస్తాను తాకరాదు. ప్రతి బిడ్డకును సొంత పట్టీలు, సొంత మౌత్‌గార్డు ఉండవలెను. డబ్బు చాలనియెడల హెడ్‌గార్డులు నాలుగు తక్కువ కొని, ఉన్నవానినే వాడినప్పుడెల్ల శుభ్రముగ తుడిచి మార్చి మార్చి వాడుకొనుడు; రింగులో ఒక్కసారి దిగువారు ఇద్దరే గదా. గ్లవ్సు బరువును మాత్రము తగ్గింపకుడు.