'ఓప్' అన్న చిన్న ముక్క

వదినా, వడియాలు ఎండాయా? చేతులు తుడుచుకుని ఒకసారి ఇటు రండి. రాత్రి లక్సెంబర్గ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడి భాష నేర్చుకుంటోందా, 'ఓప్' అన్న ముక్క దగ్గర ఆగిపోయిందట. గ్లాసు బల్ల మీదుంటే ఓప్. తలుపు తెరిచి ఉన్నా ఓప్. ఎష్ అనే ఊరికి బస్సెక్కితే 'ఓప్ ఎష్' వెళ్తున్నామంటారట!

ఊరి మీదికి వెళ్లడమేమిటే అని నేనూ నవ్వాను. తర్వాత గుర్తొచ్చింది, మనమూ విజయవాడ మీదుగా వచ్చామనే అంటాం కదూ!

ఆ ఓప్ పుట్టుక వింటే మాత్రం ఒళ్లు పులకరించింది వదినా. ఇంగ్లీషు వాళ్ల అప్, డచ్చి వాళ్ల ఓప్, జర్మన్ల ఔఫ్, ఇదీ అన్నీ ఒక్క తల్లి బిడ్డలే. వెయ్యేళ్ల పైమాటే, జర్మన్ మాట్లాడే దక్షిణాది నేలల్లో అచ్చు తర్వాత వచ్చే 'ప' కాస్తా 'ఫ' అయిపోవడం మొదలైందట. ఇంగ్లీషులో షిప్ అలాగే ఉండిపోయింది, జర్మన్లో షిఫ్ అయింది. ఆ మార్పు ఉత్తరానికి పోయేకొద్దీ పలచబడింది. లక్సెంబర్గ్ సరిగ్గా దారి మధ్యలో ఉంది. అందుకే వాళ్లకీ ఓడ షెఫ్ అయింది, నిద్రపోవడం ష్లోఫెన్ అయింది. ఓప్ మాత్రం ఔఫ్ కాలేదు! 'ఏమిటి' అనడానికి వాళ్లనే వట్ కూడా అంతే. జర్మన్లో అది వాస్ అయింది, ఇక్కడ పాత 'ట' చెక్కుచెదరలేదు. పెద్ద పెద్ద మాటలు మారిపోతే, రోజూ నోట్లో నలిగే ఈ బుల్లి ముక్కలే పాత రూపం దాచుకున్నాయి. నాకు అదే ముచ్చటేసింది.

ఆ భాషని చాలామంది జర్మన్ యాస అనే కొట్టిపారేసేవారట. 1984లో చట్టం చేసి జాతీయ భాష అన్నారు. మంచి పని చేశారు.

మీ చిన్నాడు వచ్చే నెల అక్కడికే వెళ్తున్నాడుగా, ఇది చెప్పండి. ఊరికి వెళ్తున్నానంటే పేరు ముందు ఓప్, ఊళ్లో ఉన్నానంటే త్సు. ఈ రెండూ పలికితే చాలు, అక్కడివాళ్లు సంతోషిస్తారు.