బీరువా నేర్పిన పాఠం

ఆరేళ్ళ క్రితం మా మదర్సా గ్రంథాలయానికి పుస్తకాల బీరువాలు చేయించాము. ఖర్చంతా చందాల సొమ్ము. పాశమైలారం కర్మాగారాల్లో రాత్రి షిఫ్టు చేసే తండ్రులు తమ జీతాల్లోంచి తీసి ఇచ్చినది. పటాన్‌చెరులో ఇరవయ్యేళ్ళుగా ఎరిగిన వడ్రంగిని పిలిచి, “మంచి ప్లైవుడ్‌తో చేయండి భాయీ” అన్నాను. ఆయన తలూపారు. అదే మా ఒప్పందం.

ఆ గోడకు ఆవల వుజూ ఖానా ఉంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి చెమ్మకు చెక్క ఉబ్బి పొరలు విడిపోయాయి. క్రింది అరలోని తఫ్సీర్ సంపుటాలకు బూజు పట్టింది. పదిమంది ముందు ఆయనను నిలదీశాను. “ప్లైవుడ్ అన్నారు, ప్లైవుడే వేశాను హజ్రత్” అన్నారాయన. అది నిజం. ఆయన వాడినది ఐఎస్ 303 ముద్ర గల సాధారణ రకం. చెమ్మ ఉన్నచోట కావలసినది ఐఎస్ 710 ముద్ర గల మెరైన్ రకం. ఆ తేడా ఉన్నదనే నాకు తెలియదు. ‘మంచి’ అన్న మాటలో అన్నీ ఇమిడి ఉన్నాయనుకున్నాను. ఆనాటి నుండి మా ఇద్దరి మధ్య సలాం కూడా కరువైంది.

విచారకరమేమంటే, వస్తువు చేయించుకునే ఒప్పందమైన ‘ఇస్తిస్నా’ గురించి ఏటా నేనే పాఠం చెబుతాను. వస్తువు రకం, కొలత, గుణం వివాదానికి తావులేకుండా వర్ణించాలని హనఫీ ఫిఖ్హ్ బోధిస్తుంది. దివ్యఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్, బఖరా సూరా 282వది, గడువుతో కూడిన అప్పును వ్రాసుకోమని ఆదేశిస్తుంది. పాఠం చెప్పాను గాని పాటించలేదు.

నిరుడు విద్యార్థుల చదువు గదికి సామగ్రి అవసరమైంది. సంగారెడ్డిలో ఇంటీరియర్ డిజైన్ పనిచేసే నా పూర్వ విద్యార్థి వచ్చి, “ఉస్తాద్‌జీ, మా పనిలో ఒక్కో వస్తువుకు ఒక్కో పుట ఉంటుంది” అంటూ కాగితాలు పరిచాడు. పైన వస్తువు సంఖ్య. గది పటంలోనూ అదే సంఖ్య. దాని క్రింద ఫోటో, కొలతలు, చెక్క రకం, మందం, రంగు, ఎన్ని కావాలి, ధర, అందించే తేదీ. ఫ్యాన్లయితే కంపెనీ, మోడల్ సంఖ్య, 1200 మిల్లీమీటర్ల రెక్కల వెడల్పు, వారంటీ గడువు. కోరిన సరుకు దొరకకపోతే బదులు సరుకును ఎవరు ఒప్పుకోవాలో కూడా అందులో ఉంది. చివర మార్పుల గడి, ఇరుపక్షాల సంతకాలు.

ఆ కాగితాలు తీసుకుని మళ్ళీ ఆ వడ్రంగి ఇంటికే వెళ్ళాను. ముందు క్షమాపణ కోరాను. ఆయన చాలాసేపు మౌనంగా చదివి కలం అడిగారు. “బల్ల ఒకటి నమూనాగా చేస్తాను, పిల్లలను కూర్చోబెట్టి చూద్దాం” అన్నారు. 12 అంగుళాల ఎత్తు బల్లకు పెద్దపిల్లల మోకాళ్ళు తగిలాయి. 14 అంగుళాలకు పెంచి, మార్పుల గడిలో తేదీ వేసి ఇద్దరం సంతకాలు చేశాము.

వ్రాయమనడం అనుమానించడమని ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను. ఆ కాగితం ఆనాడే ఉండి ఉంటే చందా సొమ్మూ దక్కేది, ఆయన పరువూ దక్కేది. సోదర సోదరీమణులారా, వంటగది అరలైనా, కూతురి పెళ్ళికి చేయించే బీరువా అయినా, బయానా ఇవ్వకముందే ఒక పుట వ్రాసుకోండి. బిల్లులు దానితోపాటే భద్రపరచండి. మన లావాదేవీలను అల్లాహ్ వివాదాల నుండి కాపాడుగాక, ఆమీన్.