చదరంగపు గడులు, ఒక తెలుగు పద్యం

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఇట్లు రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గడులూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. కథ అందరికీ తెలిసినదే. ఈ సంఖ్య పావులూరి మల్లన పేరిట ప్రచారంలో ఉన్న ఒక తెలుగు పద్యంలో ఇమిడి ఉన్నదని మాత్రం మా హోసూరు ప్రాంతపు పిల్లలకు తెలియదు. పదకొండవ శతాబ్దివాడైన మల్లన, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపు మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని సంస్కృతం నుండి తెనిగించిన కవి.

తమిళనాడులో 2006 నాటి చట్టం తరువాత మా పిల్లలకు తమిళం తప్పనిసరి అయినది. "తెలుగు ఇంటిలో వస్తుంది కదండీ, దానితో లెక్కలు వస్తాయా?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వాదించుటకంటె ఈ పద్యాన్ని నల్లబల్లపై వ్రాయుట మేలని నాకు తోచినది.

పద్యంలో అంకెలు ఉండవు, వస్తువులు ఉంటాయి. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, మన్మథుని బాణాలంటే ఐదు, ఆకాశమంటే సున్న. వాటిని కుడి నుండి ఎడమకు పేర్చాలి. అందువలన పద్యపు మొదటి మాట ఒకట్ల స్థానపు అంకె. అది బాణం, అనగా ఐదు. తక్కిన పందొమ్మిది మాటలు విప్పక ముందే సంఖ్య ఐదుచేత భాగింపబడునని ఒక బాలిక చెప్పినది. మరొకడు అంకెలన్నీ కూడి 87 అన్నాడు. కాబట్టి మూడు కూడా భాగిస్తుంది, తొమ్మిది భాగించదు. ఇంకొక వింత: రెట్టింపులతోనే పుట్టిన ఈ సంఖ్యలో రెండు అనే అంకె ఒక్కచోట కూడా లేదు! తక్కిన తొమ్మిది అంకెలూ ఉన్నాయి.

గుణకాలు ఇంకా ముచ్చటైనవి. మొదటి నాలుగు గడుల మొత్తం 3×5, అనగా 15. దానిని 17చే గుణిస్తే 255, ఒక వరుస నిండినది. 257చే గుణిస్తే రెండు వరుసలు, 65537చే గుణిస్తే నాలుగు. చివరి గుణకం 4294967297తో పలక అంతా నిండుతుంది. ఈ తరహా సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా తలచినాడు. ఈ చివరిది 641×6700417 అని 1732లో ఆయిలర్ చూపినాడు. పిల్లలు ఆ గుణకారం చేతితోనే చేసి సరిచూచినారు. లెక్కల ఉపాధ్యాయుని పిలువనక్కర లేకపోయినది.

చదువుట దగ్గర చిక్కు వచ్చినది. ఆంగ్లంలో క్వింటిలియన్ వరకు పోయినవారు తెలుగులో కోటి వద్ద ఆగిపోయినారు. కుడి నుండి ఏడేసి అంకెలు విడదీయమన్నాను. ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు. నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు. తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. మూడవసారికి తరగతి అంతా తడబడకుండా చదివినది.

మరునాడు ఒక తండ్రి వచ్చి, ఆ పద్యం తనకూ వ్రాసి ఇవ్వమన్నారు.