ట్రెజర్ కోస్ట్‌లో పుస్తెల వేట

ఫ్లోరిడా అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది డిస్నీ, ఆ తర్వాత మయామీ, ఆ తర్వాత రాకెట్లు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం తిప్పేదీ ఆ మూడు చోట్లే. ఓర్లాండో నుంచి ఆగ్నేయంగా గంటన్నర, రెండు గంటలు డ్రైవ్ చేస్తే సెబాస్టియన్ ఇన్‌లెట్ వస్తుంది. ఒక పక్క ఇండియన్ రివర్, పేరుకే నది, నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇంకో పక్క అట్లాంటిక్. మధ్యలో సన్నటి నేల, దాని మీద ఏ1ఏ రోడ్డు. ఈ తీరానికి ట్రెజర్ కోస్ట్ అని పేరు. రియల్ ఎస్టేట్ వాళ్లు పెట్టిన పేరులా ఉంటుంది కానీ, వెనక పెద్ద కథే ఉంది.

1715 జులై 24న క్యూబాలోని హవానా నుంచి వెండి, బంగారం నింపుకుని స్పెయిన్‌కి ఓడలు బయల్దేరాయి. వారం తిరిగేసరికి, జులై 30 రాత్రి, సరిగ్గా ఈ తీరం దగ్గర తుపాను పట్టుకుంది. 12 ఓడల్లో 11 పోయాయి. వెయ్యి మంది దాకా చనిపోయారు. ఒడ్డుకి ఈదుకొచ్చినవాళ్లు తలదాచుకున్న చోట ఇప్పుడు మెక్‌లార్టీ ట్రెజర్ మ్యూజియం ఉంది. స్పెయిన్ వాళ్లు తీయగలిగినంత తీసుకెళ్లారు. మిగతాది ఇసుకకే వదిలేశారు. 1950ల్లో కిప్ వాగ్నర్ అని ఇళ్లు కట్టే కాంట్రాక్టర్ ఒకాయన, తుపాన్ల తర్వాత ఒడ్డున దొరుకుతున్న నల్లబడ్డ వెండి నాణేల గుట్టు పట్టుకోవాలని సైన్యం అమ్మేసిన పాత మెటల్ డిటెక్టర్ ఒకటి కొనుక్కొచ్చి ఈ తీరమంతా తిరిగాడు. అప్పట్నుంచి ఇక్కడ ఆ పిచ్చి తగ్గలేదు. 2015లో కూడా దాదాపు 45 లక్షల డాలర్ల విలువైన బంగారు నాణేలు నీళ్లలోంచి పైకొచ్చాయి.

మనకి ఇది కొత్త కథేం కాదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో తుపాను వెళ్లిన మర్నాడు ఆడవాళ్లూ పిల్లలూ దువ్వెనలు పట్టుకుని తీరంలో కూర్చుంటారు. 2020 నవంబర్‌లో నివర్ తుపాను తర్వాత వాళ్లకి బంగారం ముక్కలు దొరికాయని పేపర్లలో చూసే ఉంటారు. అక్కడ సముద్రం ఊళ్లనీ గుళ్లనీ మింగుతుంది, అప్పుడప్పుడూ రవ్వంత తిరిగిచ్చేస్తుంది. ఇక్కడ ఓడల్ని మింగింది. తేడా అంతే. వాళ్ల చేతిలో దువ్వెన, ఇక్కడివాళ్ల చేతిలో వందల డాలర్ల మిషన్.

చలికాలంలో ఈశాన్యపు గాలులు గట్టిగా వీచి అలలు ఇసుకని కోసేస్తే, తెల్లారేసరికి పార్కింగ్ నిండిపోతుంది. ఎక్కువమంది రిటైరైనవాళ్లే. హెడ్‌ఫోన్స్, మోకాళ్లకి ప్యాడ్లు, చేతిలో చిల్లుల గరిటని పెద్దది చేసినట్టుండే స్కూప్. పలకరింపు కూడా ‘బాగున్నారా’ కాదు, ‘ఏమైనా దొరికిందా’. రూల్స్ మాత్రం గట్టివే. ఇసుక తిన్నెల మీద కాలు పెట్టకూడదు, అక్కడి గడ్డి పీకకూడదు. మార్చి 1 నుంచి అక్టోబర్ 31 దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే సీజన్, గూళ్ల జోలికి వెళ్లకూడదు. నీళ్లలో మునిగిన ఓడల శకలాలు ఎవరుపడితే వాళ్లు ముట్టుకునేవి కావు. కొంచెం ఉత్తరాన ఉన్న కనావెరల్ నేషనల్ సీషోర్‌లో అయితే డిటెక్టర్ వాడటమే నిషిద్ధం.

నా దగ్గరున్నది గ్యారెట్ ఏటీ ప్రో. టెక్సస్ కంపెనీ, ఎయిర్‌పోర్టుల్లో మనం నడిచి దాటే గేట్లు కూడా చేస్తుంది. 2010లో వచ్చిన మోడల్. ఒకే ఫ్రీక్వెన్సీ, 15 కిలోహెర్ట్జ్. పది అడుగుల లోతు నీళ్లలో ముంచినా ఏం కాదు. నాలుగు మామూలు బ్యాటరీలు వేస్తే చాలు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పొడి ఇసుకలో దానికి వంక పెట్టడానికి లేదు. చిల్లర, చెవి రింగులు, ఒక బొమ్మ కారు, లెక్కలేనన్ని బీర్ మూతలు దొరికాయి. స్పానిష్ నాణెం మాత్రం ఇంకా నా మొహం చూడలేదు.

తడి ఇసుకలోకి దిగితే కథ మారుతుంది. డిటెక్టర్ చేసే పని నిజానికి సింపుల్. కాయిల్‌లోంచి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం కిందికి వెళ్తుంది, లోహం తగిలితే అందులో సుడి కరెంట్లు పుడతాయి, వాటి జవాబుని రెండో కాయిల్ వింటుంది. చిక్కేంటంటే ఉప్పునీళ్లు కూడా కరెంట్‌ని మోస్తాయి. అల తడిపిన ఇసుక మొత్తం మిషన్‌కి ఒక పలచటి లోహంలా వినిపిస్తుంది, అదీ సరిగ్గా సన్నటి బంగారం పలికే చోట. దానికి తోడు ఈ తీరంలో చారలు చారలుగా నల్ల ఇసుక. దాని గొడవ వేరు, అయస్కాంతంలా పలుకుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న మిషన్‌ని ఉప్పుకి సర్దితే నల్ల ఇసుక అరుస్తుంది, నల్ల ఇసుకకి సర్దితే ఉప్పు అరుస్తుంది. సెన్సిటివిటీ తగ్గిస్తే నిశ్శబ్దం వస్తుంది, లోతు పోతుంది. ఇది ఒక కంపెనీ లోపం కాదు, ఫిజిక్స్. ఒకటే సమీకరణం ఇచ్చి రెండు తెలియని విలువలు కనుక్కోమంటే ఎలా?

రెండో సమీకరణం ఇచ్చేదే మల్టీ ఫ్రీక్వెన్సీ. 2018లో ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ తెచ్చిన ఈక్వినాక్స్ 800 ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపి, జవాబులు పోల్చి, ఉప్పునీ నేలనీ విడిగా తీసేస్తుంది. బీచ్ కోసం వేరే మోడ్‌లు ఉన్నాయి. అదీ పది అడుగుల వరకు వాటర్‌ప్రూఫ్. వచ్చినప్పుడు దాదాపు 900 డాలర్లు. ఇంటికి పంపే డబ్బు లెక్కలోంచి తీయాల్సిన మొత్తం కాబట్టి, ఏడాది పాటు రివ్యూ వీడియోలు చూస్తూ గడిపాను. అందులో అందరూ నాణెం పాతిపెట్టి, దాని మీద కాయిల్ ఊపి, నవ్వుతారు. ఎక్కడ పాతారో తెలిసినదాన్ని వెతకడం టెస్టా?

అసలు టెస్ట్ నవంబర్‌లో వచ్చిపడింది. ఒక శనివారం సాయంత్రం మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో భీమవరం అక్క ఒకావిడ మెసేజ్. ఇన్‌లెట్‌కి ఉత్తరాన, పాపతో ఇసుక గూడు కడుతూ నీళ్ల అంచున కూర్చుందట. ఒక అల కాస్త గట్టిగా కొట్టింది. ఇంటికొచ్చి చూసుకుంటే మెడలో గొలుసు లేదు. పుస్తెలు దానికే ఉన్నాయి. ‘తమ్ముడూ, నీ దగ్గర ఆ మిషన్ ఉందన్నావు కదా’ అంది ఫోన్‌లో. గొంతు మామూలుగానే ఉంచాలని ప్రయత్నిస్తోంది.

ఆదివారం లో టైడ్ ఉదయం 6:40కి. బీచ్‌లో పరిచయమైన అమెరికన్ పెద్దాయన ఒకరు తన ఈక్వినాక్స్ తీసుకుని చీకటి ఉండగానే వచ్చారు. మంగళసూత్రం అంటే ఏంటో ఆయనకి చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ‘రెండు ఉంగరాలనుకోవచ్చా?’ అన్నారు. అనుకోవచ్చు అన్నాను. మిషన్ దృష్టిలో అది దాదాపు నిజం కూడా.

మొదలుపెట్టే ముందు అక్క దగ్గరున్న ఇంకో సన్న గొలుసుకి దారం కట్టి తడి ఇసుకలో పెట్టి రెండు మిషన్లతోనూ చూశాం. నేను ఊహించని సంగతి తేలింది. గొలుసు రెంటికీ వినపడలేదు. ఏటీ ప్రోలో ఉప్పు గోలలో కలిసిపోయింది. ఈక్వినాక్స్‌లో దాదాపు ఆనించి ఊపితే చిన్న గుసగుస, అది కూడా కొక్కెం దగ్గరే. కారణం పెద్దాయన చెప్పారు. సుడి కరెంట్ తిరగాలంటే లోహం ఏకంగా ఉండాలి. గొలుసు అంటే ఒకదానికొకటి అంటీ అంటనట్టుండే బుల్లి కడియాల వరస. మిషన్‌కి అది పది గ్రాముల బంగారం కాదు, వందల రవ్వలు. అదే నా వేలి ఉంగరం అయితే చక్కగా పలికింది. పుస్తె కూడా అంతే, బిళ్లలా ఏకంగా ఉంటుంది కాబట్టి గ్రాము బరువున్నా పలుకుతుంది. అంటే మేం వెతకాల్సింది గొలుసుని కాదు, పుస్తెల్ని.

తాళ్లు లాగి ఒడ్డుకి అడ్డంగా బాటలు చేశాం. నేను, ఆయన చెరో బాట, చివరికెళ్లాక మిషన్లు మార్చుకోవడం. ఒకే మనిషి ఒకే ఇసుకలో రెంటినీ విన్నప్పుడే తేడా తెలుస్తుంది. పొడి ఇసుకలో రెండూ ఒకటే, నిజం చెప్పాలంటే నా పాతదాని శబ్దమే నా చెవికి ఇంపు. ఇనుముకి అది గరగరలాడుతుంది, చూడకుండానే వదిలేయొచ్చు. తడి మొదలైన గీత దాటగానే ఏటీ ప్రో సెన్సిటివిటీ సగానికి దించాల్సి వచ్చింది. అయినా ప్రతి అలకీ ఒక అబద్ధం చెప్పింది. ఈక్వినాక్స్ అదే చోట నిశ్శబ్దంగా ఉంది. మోగితే ఏదో ఒకటి ఉంది అన్నట్టే. కాకపోతే ఆ ఏదో ఒకటి ఎక్కువసార్లు సోడా డబ్బా తెరిచే చెవి. అల్యూమినియం ముక్క, బంగారం ఏ మిషన్‌లోనైనా ఒకే నంబర్ల గుంపులో పడతాయి. ఈ విషయంలో ఎంత డబ్బు పెట్టినా అప్‌గ్రేడ్ లేదు. తవ్వడమే. ఆ ఉదయం 60కి పైగా గుంటలు తవ్వాం, తవ్వినవన్నీ పూడ్చాం.

అక్క మొదట పక్కనే నడిచింది, తర్వాత దూరంగా వెళ్లి కూర్చుంది. బావగారు పాపని ఆడిస్తూ, స్కూప్‌లో చెత్త పడినప్పుడల్లా ‘ఈసారి?’ అని అరుస్తున్నారు. ‘కొత్తవి చేయిద్దాంలే’ అని ఆయన ఒకసారి అన్నారు. అక్క జవాబివ్వలేదు. మనలో ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి మెట్టినింటిది కదా. బంగారం ధర చెప్పి సర్దిచెప్పే వస్తువు కాదు.

ఆ రోజు దొరకలేదు. నీళ్లు మళ్లీ ఎక్కాయి. సోమవారం లో టైడ్ గంట ఆలస్యం. ఆఫీస్‌కి సిక్ లీవ్ పెట్టి వెళ్లాను (మేనేజర్‌కి తెలుగు రాదు, పర్లేదు). రాత్రి అలలు ఇసుకని కదిలించి తీరానికి సమాంతరంగా ఒక చిన్న పల్లం చేశాయి. బరువైనవి అలాంటి పల్లాల్లోకి జారతాయని, బాటలు వదిలేసి దాన్నే పట్టుకోమని పెద్దాయన అన్నారు. ఎనిమిదిన్నరకి ఆయన మిషన్ నా చేతిలో ఉండగా చిన్నగా, కానీ రెండు పక్కల నుంచీ ఒకేలా మోగింది. స్క్రీన్ మీద 7, 8 మధ్య. అదే చోట నా ఏటీ ప్రో పెట్టి చూశాను. తెలిసి పెట్టినా ఉప్పు గోలలో మూడింట్లో ఒక్కసారే పలికింది. తెలియకపోతే దాటి వెళ్లిపోయేవాణ్ని. నాలుగు వేళ్ల లోతులో, స్కూప్ చిల్లులకి అడ్డంగా, ఒక పుస్తె.

అక్క దాన్ని అరచేతిలో తిప్పి చూసింది. అంచున చిన్న సొట్ట ఉంది. ‘ఇది అత్తగారింటిది’ అంది. ఆ తర్వాత ఏడ్చింది.

రెండోది దొరకలేదు. కొక్కెం ఊడి గొలుసు జారితే రెండూ చెరో దారిలో పోయి ఉంటాయి. ఆ పల్లం అంతా ఇంకో మూడు గంటలు జల్లించాం.

నేను ఈక్వినాక్స్ 800 కొన్నాను, సెకండ్‌హ్యాండ్‌లో. దాని తర్వాత 700, 900 అని కొత్త మోడళ్లు వచ్చాయి కాబట్టి పాతది కాస్త దిగొచ్చింది. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉండి పార్కుల్లో చిల్లర వెతుక్కునేవాళ్లు అడిగితే మాత్రం, ఏటీ ప్రో లాంటిది చాలు, మిగిలిన డబ్బుతో మంచి స్కూప్ కొనుక్కోండి అంటాను. ఉప్పునీళ్లు మీ రోజువారీ అయితేనే మల్టీ ఫ్రీక్వెన్సీ. ఇండియాలో రీల్స్ చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి కోటల చుట్టూ, పాత గుళ్ల చుట్టూ తిరుగుదామనుకునేవాళ్లకి ఇంకో మాట. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా బతికే ఉంది. భూమిలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. గుప్త నిధుల కేసుల్లో దొరికినవాళ్లని మన పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

అక్క ఇప్పుడు పసుపుతాడుకి ఒక్క పుస్తే కట్టుకుంటోంది. భీమవరంలో వాళ్లమ్మకి ఇంకా చెప్పలేదు, వీడియో కాల్‌లో చున్నీ పైకి లాక్కుంటుంది. కొత్తది చేయించడం గురించి బావగారు రెండోసారి ఎత్తలేదు. ఈ వారం చివర్లో ఈశాన్యపు గాలి గట్టిగా ఉంటుందని వాతావరణ యాప్ చెబుతోంది. ఆదివారం లో టైడ్ 7:20కి. పెద్దాయన థర్మాస్‌లో కాఫీ తెస్తానన్నారు.