ఇనీక్వాలిటీస్‌లో ఒక చిన్న గీత

బ్యాంకు పరీక్షల రీజనింగ్‌లో వచ్చే ఇనీక్వాలిటీస్ ప్రశ్నలకు లెక్కలు చేయాల్సిన పని లేదు. గుర్తులను వరసగా చదివితే చాలు. క ≥ గ > చ అని ఇస్తే, చ కంటే క కచ్చితంగా పెద్దది. గుర్తులన్నీ ఒకే వైపు తెరుచుకున్నప్పుడు ఒక్కచోట ‘>’ ఉన్నా ‘సమానం’ అనే అవకాశం పోతుంది. క > గ < చ లో దిశ మారింది కాబట్టి క, చ ల మధ్య ఏమీ తేలదు. క 5, గ 2 అనుకుంటే చ 3 కావచ్చు, 5 కావచ్చు, 9 కూడా కావచ్చు.

అసలు తడబాటు ‘రెండింటిలో ఒకటి’ అనే జవాబు దగ్గర. క ≥ గ ≥ చ ఇచ్చి ‘క > చ’, ‘క = చ’ అని రెండు కన్‌క్లూజన్లు ఇస్తారు. విడిగా ఏదీ నిశ్చయం కాదు. కలిపితే మాత్రం ఇంకో అవకాశమే మిగలదు, అందుకే ఆ జవాబు.

మళ్లీ క > గ < చ కి ‘క > చ’, ‘క < చ’ ఇస్తే సమానం బయటే ఉండిపోయింది, రెండూ నిలవవు. రెండోది ‘క ≤ చ’ అయితే జవాబు మారిపోతుంది. తేడా గుర్తు కింద గీతే! దీన్ని సూత్రంలా బట్టీ పట్టించడం పిల్లలకు అన్యాయం. పైన చూసినట్టు మూడు సంఖ్యలు వేసి చూపిస్తే ఇక మరిచిపోరు.

గుర్తులకు బదులు @, # ఇచ్చి వాటి అర్థం మాటల్లో చెబితే, ముందు వాటిని గుర్తుల్లోకి మార్చి రాసుకోవాలి. ‘చిన్నది కాదు’ అంటే ≥, ‘పెద్దది కాదు’ అంటే ≤. ‘పెద్దదీ కాదు, చిన్నదీ కాదు’ అంటే సమానం.