చల్లని గాలి చెప్పిన మాట

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున నున్న ఉప్పల్‌లో మేము కాపురముండి పెక్కేండ్లైనది. ఇచ్చటివారు వేసవి యెండను గూర్చి యెన్ని కథలైనను చెప్పుదురు గాని, చలిని గూర్చి తలచువా రరుదు. కారులో చల్లని గాలి రాకున్నచో ఆనాడే మరమ్మతునకు పరుగెత్తుదురు. వెచ్చని గాలి నిచ్చు హీటరను సాధన మొకటి కలదన్న మాటయే పలువురకు జ్ఞప్తి యుండదు. మేమును అట్టివారమే. గడచిన ధనుర్మాసమున జరిగిన యొక చిన్న ప్రయాణము మా కనులు తెరపించినది.

తెల్లవారుజామున యాదగిరిగుట్టలో స్వామిని సేవింపవలెనని మా యత్తగారి కోరిక. చీకటితోనే వరంగల్లు త్రోవను బట్టితిమి. మంచు దట్టముగా నుండెను. లోపల ముగ్గురము విడుచు ఊపిరికి ముందరి యద్దము మసకబారెను. అద్దము తేటపడుటకై మేము మీటను ఎఱ్ఱగీత వైపునకు త్రిప్పితిమి. పావుగంట గడచినను చల్లని గాలియే కాని వెచ్చదనము లేదు.

“ఈ ఊళ్ళో హీటరుతో మనకేమి పని? గుడ్డతో తుడువు, చాలును,” అనిరి వారు.

మేము తుడుచుచునే ఎదుటి ముల్లును జూచితిమి. ఇంజను వేడిని తెలుపు ఆ ముల్లు నడుమ నిలువవలసినది మెల్లగా పైకి ప్రాకుచుండెను. లోపల అగ్ని పెరుగుచుండ బయటికి చల్లని గాలి వచ్చుటేమి? ఈ విరోధము మా మనసునకు నచ్చలేదు. బోడుప్పల్ దాటకమునుపే బండి నాపుమని పట్టుబట్టితిమి. వారికి కొంచెము కోపము వచ్చెను. అత్తగారు మాత్రము, “స్వామి గుట్ట దిగి ఎక్కడికీ పోడులే. ఆపు నాయనా,” అనిరి.

గంటసేపు ఇంజను చల్లారనిచ్చి, పిదప మూత తీసి చూడగా నీటి డబ్బా అడుగంటి యుండెను. సీసాలోని మంచినీరు పోసి, మెల్లగా వెనుకకు మరలితిమి. అత్తగారిని ఇంట దింపి నాచారము బయలుదేరితిమి.

ఉప్పల్ కూడలి నుండి 2017 నవంబరులో ఆరంభమైన మెట్రో రైలు వంతెన క్రింద త్రోవ సాగును. కొంత దూరమున, 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. భూమి కడుపులోని వేడిమిని సైతము కొలుచు పండితు లచ్చట గలరు. మాకు మా బండి కడుపులోని వేడిమియే తెలియకపోయె నని నవ్వుకొంటిమి. హబ్సిగూడ కూడలిలో కుడివైపునకు మరలినచో నాచారము. నందమూరి తారకరామారావుగారు తమ స్టూడియోను నెలకొల్పిన దిచ్చటనే. కర్మాగారములు మెండుగా గల ఈ వాడలో ఇనుముతో మాటలాడు చేతులకు కొఱత లేదు.

మేము వెదకి పోయిన మేస్త్రి వృద్ధుడు. ఆయన తొందరపడి యేదియు విప్పలేదు. డబ్బాను గీతవఱకు నింపి, ఇంజను నడిపించి, లోపలికి బోవు రెండు రబ్బరు గొట్టములను జూపి, “అమ్మా, చేయి దగ్గర పెట్టి చూడుండ్రి, పట్టుకోకుండ్రి,” అనెను. ఒకటి వేడిగా నుండెను, రెండవది చల్లగా నుండెను.

ఆయన చెప్పిన మర్మ మిది. హీటరునకు వేఱు పొయ్యి లేదు. ఇంజనును చల్లార్చి తాను కాగిన నీరే ఒక చిన్న జల్లెడవంటి పెట్టెలో పారును. దానిపై వీచిన గాలి వెచ్చనై లోనికి వచ్చును. రెండు గొట్టములును వేడిగా నుండియు గాలి చల్లనిదైనచో, గాలిని మరలించు లోపలి తలుపు బిగిసినదని తెలియవలెను. ఒకటి వేడి, ఒకటి చలువ యైనచో పెట్టెలో గాలి చిక్కినది, లేదా త్రుప్పు పూడినది. రెండును చల్లగా నుండి ముల్లు క్రిందనే యున్నచో, నీటి నాపవలసిన థర్మోస్టాటు తెఱచుకొనిపోయినది. గాలి చల్లనై ముల్లు పైకెగసినచో నీరు తఱిగినది. అదియే మిక్కిలి యపాయము. వైద్యుడు నాడి పట్టినట్లు రెండు గొట్టములతో రోగము తెలిసినది!

మా బండిలో క్రింది గొట్టము బిగింపుకడ చిట్లి బొట్లుబొట్లుగా కారినది. ఆయన దానిని మార్చి, చిక్కిన గాలిని బుడగలుగా వెడలించెను. మఱి కొన్ని మైళ్ళు పోయి యున్నచో ఇంజను తలయే వంగి, నెలల జీతము దానికి ధారపోయవలసి వచ్చెడిది.

సోదరీమణులారా, కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకొనుడు. ఆవిరి చల్లారని ప్రెషరు కుక్కరు మూత తీయనట్లే వేడి రేడియేటరు మూత తీయరాదు. బోరు నీరు గిన్నెల యడుగున తెల్లని పొర కట్టునట్లు ఇంజనులోను కట్టును. కావున కూలెంటు కలిపిన శుద్ధజలమునే వాడవలెను. ఆ కూలెంటు తియ్యగా నుండు విషము. పిల్లలకు, కుక్కలకు అందనీయరాదు. చలి లేకున్నను నెలకొకసారి హీటరును త్రిప్పి చూడుడు.

మూడవనాడు మరల గుట్టకు బోయితిమి. మంచు అట్లే యుండెను గాని అద్దము తేటగా నుండెను. అత్తగారు కాళ్ళయొద్ద వీచు వెచ్చని గాలికి కన్నులు మూసికొని కునుకు తీసిరి. వారు మాత్రము మమ్మడుగకయే మాటిమాటికి ముల్లును జూచుచుండిరి.